కూరగాయల చెత్తతో కరెంటు.. తార్నాక ల్యాబ్ దారి చూపింది, మరి కాచిగూడ హోటళ్లు, హాస్టళ్ల సంగతేంటి?

కాచిగూడ, హైదరాబాద్: కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ కాడలు.. దగ్గరికి వెళ్తే ఎవరైనా ముక్కు మూసుకోవాల్సిందే. కానీ వీటితోనే ఓ మార్కెట్‌లో లైట్లు వెలిగించారు. క్యాంటీన్‌లో పొయ్యి మండించారు. ఆ టెక్నాలజీ ఎక్కడో విదేశాల్లో పుట్టింది కాదు, మన తార్నాకలోనే పుట్టింది.

కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే విద్యానగర్, జామియా ఉస్మానియా దాటాక ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక. ఉప్పల్ వైపు వెళ్లే రోడ్డులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ ఉంటుంది. అందరూ ఐఐసీటీ అంటారు. నిజాం కాలంలో 1944లో మొదలైన పరిశోధనశాల ఇది. 1956లో సీఎస్ఐఆర్ కిందకు వచ్చింది. 1989లో ఇప్పుడున్న పేరు పెట్టారు.

అంటే తడి చెత్తను గ్యాస్‌గా మార్చే సైన్స్ మన పక్కనే ఉంది. మరి కాచిగూడ నుంచి తార్నాక దాకా ఉన్న టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, హాస్టళ్ల చెత్త ఊరవతలి డంపింగ్ యార్డుకు ఎందుకు పోవాలి? సమస్య మెషీన్‌లో ఉందా, లేక మన బుట్టలో ఉందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

బోయిన్‌పల్లిలో ఏం చేశారు?

సికింద్రాబాద్ దగ్గర బోయిన్‌పల్లిలో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కూరగాయల మార్కెట్ ఉంది. లారీల్లో సరుకు దిగుతుంది, అమ్ముడుపోతుంది, మిగిలింది అక్కడే పడి ఉంటుంది. ఐఐసీటీ శాస్త్రవేత్త డాక్టర్ ఎ. గంగాగ్ని రావు బృందం రూపొందించిన టెక్నాలజీతో ఇక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ డబ్బు సమకూర్చాయి.

2021లో బయటకు వచ్చిన వివరాల ప్రకారం మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్త పోగవుతుంది. దాంతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల బయో ఇంధనం తయారు చేయొచ్చు. ఆ కరెంటును వీధి దీపాలకు, 170 స్టాళ్లకు, ఆఫీసు బిల్డింగ్‌కు, నీటి సరఫరాకు వాడారు. ఇంధనం మార్కెట్ క్యాంటీన్ వంటగదికి వెళ్లింది. మిగిలిన పదార్థం ఎరువుగా పనికొస్తుంది. 2021 జనవరి 31న ప్రధాని నరేంద్ర మోదీ 'మన్ కీ బాత్'లో ఈ మార్కెట్ గురించి చెప్పడంతో దేశమంతా దీని పేరు వినిపించింది.

చెత్త గ్యాస్ ఎలా అవుతుంది?

ముందుగా కూరగాయల చెత్తను కన్వేయర్ బెల్టు మీద వేస్తారు. అది నేరుగా ష్రెడర్ దగ్గరికి వెళ్తుంది. ష్రెడర్ అంటే పెద్ద సైజు మిక్సీ అనుకోవచ్చు. కాడ, ఆకు, తొక్క అన్నీ గుజ్జుగా మారిపోతాయి. ఆ గుజ్జును గాలి చొరబడని ట్యాంకులోకి పంపిస్తారు. దాన్నే డైజెస్టర్ అంటారు.

అసలు పని అక్కడే మొదలవుతుంది. దోశ పిండి రాత్రంతా ఉంచితే పొంగుతుంది కదా? కంటికి కనపడని సూక్ష్మజీవులు పిండిని తిని గ్యాస్ వదలడం వల్లే అలా పొంగుతుంది. డైజెస్టర్‌లో కూడా సూక్ష్మజీవులే పని చేస్తాయి. కాకపోతే ఇక్కడ గాలి అసలు తగలకూడదు. ఒక రకం బ్యాక్టీరియా గుజ్జును చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఇంకో రకం వాటిని ఆమ్లాలుగా మారుస్తుంది. చివర్లో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు రంగంలోకి దిగుతాయి. అలా వచ్చిన బయోగ్యాస్‌లో ప్రధానంగా ఉండేవి మీథేన్, కార్బన్ డయాక్సైడ్. ఈ గ్యాస్‌తో జనరేటర్ నడిపితే కరెంటు, పైపు ద్వారా పొయ్యికి ఇస్తే మంట.

గోబర్ గ్యాస్‌కూ దీనికీ తేడా ఏంటి?

ఊళ్లలో గోబర్ గ్యాస్ చాలా మందికి తెలిసిందే. పేడ నీళ్లు గుంటలో పోస్తే నెల నుంచి రెండు నెలల పాటు నెమ్మదిగా మురుగుతూ గ్యాస్ ఇస్తుంది. పేడకైతే అది సరిపోతుంది. మార్కెట్ చెత్తకు మాత్రం రెండు ఇబ్బందులున్నాయి.

ఒకటి, చోటు. రోజుకు టన్నుల కొద్దీ వచ్చే చెత్తను నెలల తరబడి నిల్వ ఉంచాలంటే ఎంత పెద్ద ట్యాంకు కట్టినా చాలదు. రెండోది, పులుపు. కూరగాయలు, అన్నం లాంటివి చాలా త్వరగా పులిసిపోతాయి. ఆవు ఒకేసారి అన్నం ఎక్కువగా తినేస్తే కడుపు ఉబ్బి పడిపోవడం పల్లెల్లో చూస్తుంటాం. డైజెస్టర్‌కూ అదే వస్తుంది. ఆమ్లం పెరిగిపోతే మీథేన్ ఇచ్చే సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి. గ్యాస్ తగ్గిపోతుంది, కంపు పెరుగుతుంది.

ఐఐసీటీ టెక్నాలజీ పేరు అనెరోబిక్ గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్. పొట్టిగా ఏజీఆర్. పేరులోనే విషయం ఉంది. ట్యాంకులో తయారైన గ్యాస్‌లో కొంత భాగాన్నే మళ్లీ లోపలికి పంపి, ఆ ఊపుతో గుజ్జును పైకి కిందకు కలుపుతారు. దాంతో సూక్ష్మజీవులకు ఆహారం అన్ని వైపులా సమానంగా అందుతుంది. ఒకచోట గడ్డకట్టడం, ఇంకోచోట పులిసిపోవడం తగ్గుతుంది. పని వేగంగా జరుగుతుంది కాబట్టి చిన్న ట్యాంకులోనే ఎక్కువ చెత్తను అరిగించొచ్చు. స్థలం తక్కువగా ఉండే నగరానికి కావాల్సింది ఇదే.

500 యూనిట్లు అంటే ఎక్కువా, తక్కువా?

ఇక్కడ లెక్క సూటిగా చూడాలి. 10 టన్నులకు 500 యూనిట్లు అంటే టన్నుకు 50 యూనిట్లు. నెలకు 15 వేల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లయితే 75 ఇళ్లకు సరిపోతుంది. నగరం మొత్తం వాడకంతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. కేవలం కరెంటు కోసమే అయితే ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగొచ్చు.

అసలు లాభం వేరే చోట ఉంది. కూరగాయల్లో చాలా వాటి బరువులో 85 శాతానికి పైగా నీళ్లే. అంటే 10 టన్నుల చెత్తను లారీల్లో ఊరవతలికి తరలిస్తున్నామంటే, డీజిల్ పోసి మరీ ఎనిమిదిన్నర టన్నుల నీళ్లు మోస్తున్నట్టే. ఆ చెత్త గుట్టల్లో కలిశాక రెండు పనులు చేస్తుంది. కుళ్లి నల్లటి మురుగు నీరుగా కారుతుంది. గుట్ట లోపల గాలి తగలక మీథేన్ వదులుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు మీథేన్. డైజెస్టర్‌లో తయారయ్యేదీ అదే గ్యాస్. తేడా ఏంటంటే, ఇక్కడ దాన్ని పట్టుకుని వాడుకుంటాం. గుట్ట మీద అది గాలిలో కలిసిపోతుంది.

ఈ బాధ ఎలా ఉంటుందో జవహర్‌నగర్ వాసులను అడిగితే తెలుస్తుంది. హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి చేరిన చోటు అదే. అక్కడి నుంచి కారిన మురుగు మల్కారం చెరువును పాడుచేసింది. పాత గుట్టను మట్టితో, షీట్లతో కప్పాల్సి వచ్చింది. మురుగు నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది. కాచిగూడలో మెస్ వాళ్లు పారబోసిన సాంబారు కంపు చివరికి వేరే ఊరి జనం ముక్కుకు తగులుతోందన్న మాట.

అంతా కాల్చేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న చాలా మంది అడుగుతారు. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు జవహర్‌నగర్‌లో 2020 నుంచి ఉంది. కానీ కాల్చడానికి పొడి చెత్త కావాలి. తడి కట్టెలతో పొయ్యి మండించినట్టే ఇదీ. తడి చెత్త కలిస్తే వచ్చే వేడిలో పెద్ద భాగం నీళ్లు ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. అంటే తడి, పొడి కలిపి ఇస్తే రెండు ప్లాంట్లకూ నష్టమే. కాల్చే ప్లాంటుకు నీళ్లు అడ్డం, గ్యాస్ ప్లాంటుకు ప్లాస్టిక్ అడ్డం.

మెషీన్‌ను ఆపేసేది ఒక్క కవరే

సూక్ష్మజీవులు క్యాబేజీని తింటాయి, అన్నాన్ని తింటాయి. పాలిథిన్ కవర్‌ను మాత్రం ముట్టుకోవు. కవర్లు, కొత్తిమీర కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండ్లు, గోనె సంచి దారాలు ష్రెడర్ బ్లేడ్లకు చుట్టుకుంటాయి. పైపుల్లో అడ్డం పడతాయి. ట్యాంకులో పైన పొరలా తేలి గ్యాస్‌ను అడ్డుకుంటాయి. ఇసుక, మట్టి అయితే అడుగున పేరుకుపోతాయి.

మార్కెట్‌లో ప్లాంటు పెట్టడం తేలిక కావడానికి కారణం కూడా ఇదే. అక్కడ వచ్చేది చాలా వరకు ఒకే రకం చెత్త, ఒకే చోట దొరుకుతుంది. ఇళ్ల నుంచి వచ్చే చెత్త అలా కాదు. అన్నంతో పాటు డైపర్, బ్లేడు, చిప్స్ ప్యాకెట్ ఒకే కవర్‌లో కట్టి ఇస్తుంటారు. 2015లో జీహెచ్ఎంసీ ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచింది. స్వచ్ఛ ఆటోలు తిప్పింది. ఆ బుట్టల్లో కొన్ని చాలా ఇళ్లలో బియ్యానికో, బట్టలకో వాడుకున్న సంగతి అందరికీ తెలుసు. కొన్నిచోట్ల ఇంట్లో వేరు చేసిన చెత్త ఆటోలో మళ్లీ ఒకటైపోతుంది. అది చూసిన వాళ్లు మర్నాటి నుంచి వేరు చేయడం మానేస్తారు. అందుకే తప్పు మొత్తం ఇంటి మీదే వేస్తే కుదరదు. బుట్ట నుంచి ప్లాంటు దాకా చెత్త విడివిడిగానే వెళ్లాలి.

రూల్స్ ఏం చెప్పాయి?

2016 ఏప్రిల్‌లో కేంద్రం ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. చెత్తను మూడు రకాలుగా వేరు చేయాలని చెప్పింది. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త. రోజుకు సగటున 100 కిలోలు దాటితే 'బల్క్ వేస్ట్ జనరేటర్' అని పేరు పెట్టింది. ఆ జాబితాలో హోటళ్లు, హాస్టళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, మార్కెట్లు, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాలు అన్నీ ఉన్నాయి. 5 వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు, సంస్థలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో, బయోగ్యాస్‌గానో మార్చుకోవాలని కూడా చెప్పింది.

100 కిలోలంటే పెద్ద సంఖ్యలా అనిపిస్తుంది. కానీ ఓ ఉదాహరణ చూడండి. 500 మంది తినే మెస్‌లో తొక్కలు, పళ్లెంలో వదిలేసింది కలిపి మనిషికి 200 గ్రాములు వేసుకుంటే చాలు, 100 కిలోలు అయిపోతాయి. ఆ లెక్కన పెద్ద క్యాంపస్‌లు, వరసగా ఉన్న ప్రైవేటు హాస్టళ్లు, కల్యాణ మండపాలు ఈ గీతకు ఎంత దగ్గరో ఊహించొచ్చు.

ఇండోర్‌లో ఎలా కుదిరింది?

మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో 2022 ఫిబ్రవరి 19న పెద్ద బయో సీఎన్జీ ప్లాంటు ప్రారంభించారు. రోజుకు 550 టన్నుల తడి చెత్తతో సుమారు 17 వేల కిలోల సీఎన్జీ తీసేలా కట్టారు. సిటీ బస్సులకు ఆ గ్యాస్ వాడాలన్నది ప్లాన్. అయితే ఇండోర్ ముందు ప్లాంటు కట్టలేదు, ముందు జనంతో చెత్త వేరు చేయించింది. బండిలోనే వేర్వేరు అరలు పెట్టింది, కలిపి ఇస్తే తీసుకోలేదు. ఇంటి దగ్గర వేరైన చెత్త దొరికింది కాబట్టే అంత పెద్ద ప్లాంటుకు నమ్మకంగా పెట్టుబడి వచ్చింది.

హాస్టల్, హోటల్, అపార్ట్‌మెంట్.. ఎవరు ఏం చేయొచ్చు?

మెస్, హోటళ్లు: కూరగాయలు తరిగే చోట ఒక డ్రమ్ము, పళ్లేలు కడిగే చోట ఒక డ్రమ్ము పెట్టుకోవాలి. టిష్యూలు, వాటర్ బాటిళ్లు, పెరుగు కప్పులు వీటిలో పడకూడదు. కొబ్బరి చిప్పలు, గట్టి ఎముకలు, కోడిగుడ్డు పెంకులు డైజెస్టర్‌లో అరగవు, వాటిని పక్కన పెట్టాలి. నిమ్మ, బత్తాయి తొక్కలు ఒకేసారి ఎక్కువగా వేస్తే సూక్ష్మజీవులకు ఇబ్బంది. వాడిన నూనె కాల్వలో, డ్రమ్ములో పోయకుండా విడిగా అమ్మేయాలి.

క్యాంపస్‌లు, మార్కెట్లు: ముందు వారం రోజులు తడి చెత్తను తూకం వేయాలి. రోజుకు ఎంత వస్తుందో తెలియకుండా ప్లాంటు సైజు నిర్ణయిస్తే తర్వాత అది ఖాళీగా పడి ఉంటుంది. కరెంటు కన్నా గ్యాస్‌ను నేరుగా వంటకు వాడుకోవడం చిన్న ప్లాంట్లకు మేలు, ఎందుకంటే జనరేటర్‌లో చాలా వేడి వృథాగా పోతుంది. రోజూ చూసుకునే మనిషి తప్పనిసరి. డైజెస్టర్ ఫ్రిజ్ లాంటిది కాదు, పశువు లాంటిది. వేళకు మేత పడాలి, ఎక్కువా పడకూడదు. సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అయితే మేత ఎక్కడి నుంచి తేవాలో కూడా ముందే అనుకోవాలి.

అపార్ట్‌మెంట్లు, ఇళ్లు: బయోగ్యాస్ పెట్టేంత చెత్త లేకపోతే కంపోస్టు చేసుకోవచ్చు. కంత ఉన్న డ్రమ్ము, ఎండుటాకులు, కొంచెం పుల్లటి మజ్జిగ ఉంటే చాలు. అదీ కుదరకపోతే కనీసం తడి చెత్తను కవర్‌లో కట్టకుండా బుట్టతోనే ఆటోలో వంచాలి. ఆటోలో కలిపేస్తుంటే వార్డు శానిటేషన్ సిబ్బందికి చెప్పాలి.

తార్నాక ల్యాబ్ చేయాల్సిన పని చేసింది. బోయిన్‌పల్లి మార్కెట్ అది పనిచేస్తుందని చూపించింది. ఇక మిగిలింది మెస్‌లో రెండో డ్రమ్ము, ఆటోలో రెండో అర. ఖర్చులో చూస్తే అన్నిటికన్నా చౌకైనవి ఇవే. ఇవి లేకపోతే మాత్రం ఎంత ఖరీదైన మెషీన్ తెచ్చినా ఒక్క పాలిథిన్ కవర్ దగ్గర ఆగిపోతుంది.