ఇంట్లో చేసిన కారుకు చెప్పుల కొలత

ఇంట్లో కూర్చుని మోటారుకారు తయారుచేస్తానంటే వినేవాళ్లకు నవ్వు వస్తుంది. నవ్వనక్కరలేదు. కోయంబత్తూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడుగారు 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేసి, రెండువేల రూపాయలకే ఇవ్వవచ్చునన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ ముచ్చట అక్కడితో ఆగిపోయింది. హైదరాబాదులో సుధాకర్‌గారు చదువుకునే వయసులోనే పాత సామాన్లతో బళ్లు కట్టడం మొదలుపెట్టి, బూటు ఆకారంలో ఒక కారు, కెమెరా ఆకారంలో ఇంకొకటి చేసి, 2010లో జంతు ప్రదర్శనశాలకు దగ్గర్లో ఏకంగా ఒక మ్యూజియమే తెరిచారు.

ఆ మాటకొస్తే గాలి టైరు కూడా ఇంట్లో పుట్టిన వస్తువే. బెల్‌ఫాస్టులో ఉండే డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్లమీద గడగడలాడుతుంటే చూడలేక, చక్రాలకు రబ్బరు గొట్టం చుట్టి గాలి కొట్టాడు. 1888లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. (అంతకు నలభైమూడేళ్ల ముందే, 1845లో, తామ్సన్ అనే ఆయన ఇటువంటిదే పేటెంటు చేయించాడు. పాపం, జనం ఆయన్ను మరిచిపోయారు.)

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా మేనల్లుడు కారు కట్టాడు. పెద్దపంజాణి దగ్గర మా అక్కావాళ్లకు గుట్టవాలున మామిడితోట ఉంది. ఇల్లూ, తోటా, పశువుల కొట్టమూ అన్నీ ఒకే కంచెలో ఉన్నాయి. పైనుంచి కాయ దించాలి, పాలక్యాన్లు తేవాలి, మోకాళ్ల నొప్పులతో నడవలేని అవ్వను ఏడాదికొకసారైనా పైతోటకు తీసుకుపోవాలి. తుక్కుకు పోబోయే మారుతీ 800 ఒకటి కొని, పైకప్పు కోసేసి, వెనకభాగం తీసి చట్రం వెల్డింగు చేయించి పెట్టెలు పట్టే తొట్టి అమర్చాడు. పని ముచ్చటగానే ఉంది. ఇంజను, సీట్లు, రంగు అన్నీ అయ్యాక గుర్తొచ్చింది వాడికి, టైర్లు బోసి అయిపోయాయని.

నేను బస్సుల డిపోలో ముప్పయ్యేళ్లు టైర్ల పని చూసినవాణ్ణి కాబట్టి కబురుపెట్టారు. వెళ్లేసరికి కొట్టంలో ట్రాక్టరు ముందుచక్రాలు నాలుగు గోడకు ఆనించి ఉన్నాయి.

‘‘మామా, ఇవి ఊరికే పడుండాయి. బిళ్లలు వెల్డింగు చేసి తగిలిస్తే బండి ఎత్తుగా ఉంటాది. రాళ్లు అడుగున తగలవు. రూపాయి ఖర్చులేదు,’’ అన్నాడు.

మా బావగారు వాడికే వంతపాడారు. ‘‘అది నిజమే బావా. మా నాయన కాలంలో ఎద్దులబండి చక్రం నా ఎదురొమ్ము ఎత్తుండేది. ఎంత గుంతలోనైనా దొర్లుకొని పోయేది. చిన్నచక్రమైతే దిగబడిపోతాది.’’

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చిన్నచక్రం కూరుకుపోయే గుంతను పెద్దచక్రం దాటేస్తుంది. మన వడ్రంగులు ఊరికే అంత చక్రాలు చేయలేదు. అయితే బండికి చక్రం ఎద్దుల వెనక దొర్లుతుంది. మోటారుకు చక్రమే ఎద్దు. ఇంజను ఇరుసును మెలితిప్పితే, ఆ మెలికను నేలమీద తోపుగా మార్చేది చక్రం. చక్రం ఎంత పెద్దదైతే ఆ తోపు అంత తగ్గుతుంది. గునపాన్ని కొసన పట్టుకుని ఎత్తడానికీ, మధ్యలో పట్టుకుని ఎత్తడానికీ ఉన్న తేడా ఇది.

ఇంతకూ ఎంత తగ్గుతుంది? ఇది ఇంట్లో ఎవరైనా వేసుకోగల లెక్కే. మారుతీ టైరు పక్కన 145/70 ఆర్ 12 అని ఉంటుంది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులని. అంటే నూటొకటిన్నర మిల్లీమీటర్లు. 12 అనేది రిమ్ము, అంగుళాలలో. అది 305 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైనొక గోడ, కిందొక గోడ కలిపితే మొత్తం ఎత్తు 508. ‘ఆర్’ అంటే రేడియల్ టైరు. ఇదే టైరు జాతకం. ఇది చదవడం వస్తే దుకాణంవాడు చెప్పే కథలు సగం అక్కరలేదు.

ట్రాక్టరు చక్రాన్ని టేపుతో కొలిస్తే 72 సెంటీమీటర్లు ఉంది. 51 ఉండవలసిన చోట 72! ఇంజను తోపు నూటికి 71కి పడిపోతుంది. ఖాళీబండి ఎలాగో కదులుతుంది గాని, కాయ ఎత్తుకున్నాక గుట్ట ఎక్కేటప్పుడు క్లచ్చు కాలిపోతుంది. స్పీడు ముల్లు 30 చూపిస్తుంటే బండి 42 మీద పోతూ ఉంటుంది. ఇవన్నీ డబ్బుతో పోయే నష్టాలు. మా అల్లుడికి నేను రెండుసార్లు చెప్పింది వేరే సంగతి.

బ్రేకు కూడా ఇరుసునే పట్టుకుంటుంది. తోపు తగ్గినట్టే పట్టూ నూటికి 71 అవుతుంది. పైగా చక్రం పెరిగినందువల్ల బండి పదిన్నర సెంటీమీటర్లు పైకి లేస్తుంది. బరువు ఎత్తున ఉంటుంది. ఆ తోటలో బావిదగ్గరికి దిగే దారి ఒకటుంది, ఎడమపక్క మడవ, కుడిపక్క బండ. తొట్టినిండా కాయతో, పక్కన అవ్వను కూర్చోబెట్టుకుని ఆ దారిన దిగుతూ వాడు బ్రేకు తొక్కాలి.

‘‘నువ్వు ఎక్కేది చూస్తా ఉండావు. దిగేది చూడప్పా,’’ అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు.

ఇంకా ఉంది. ట్రాక్టరు ముందుటైరుకు నిలువు గీతలు మూడే ఉంటాయి. ట్రాక్టరును పక్కకు తిప్పడానికి చేసిన టైరది. నేలను పట్టి తోయడానికి కాదు. వాన పడ్డ ఎర్రమట్టిలో అది జారుతుంది. ఇక ఆ బిళ్లల సంగతి: బోల్టుల లెక్క కుదరని రిమ్మును వెల్డింగు బిళ్లతో తగిలించడం నేనెన్నడూ ఒప్పుకోను. చక్రం అంత బయటకు జరిగితే బేరింగు త్వరగా అరుగుతుంది. అతుకు విడిపోతే చక్రం బండికంటే ముందే బావి చేరుతుంది.

అయితే మళ్లీ పాత కొలతే వేయాలా? అదీ కాదు. బండి మారింది కదా, ముందు బరువు చూడాలన్నాను. బండిని ట్రాలీమీద ఎక్కించి పలమనేరులో కాటాకు తీసుకుపోయాం. పాతిక కిలోల పెట్టెలు పన్నెండు వేసి, ముందు ఇద్దరం కూర్చుని, వెనక చక్రాలు మాత్రం కాటామీద ఉండేటట్టు నిలిపాం. 610 కిలోలు వచ్చింది. ఒక్కో టైరుమీద 305.

టైరు పక్కన కొలత తరవాత ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. పాత టైరుమీద 69 అని ఉంది. ఆ అంకె కిలోలు కాదు, ఒక పట్టికలోని వరస. 69 అంటే 325 కిలోలు మోస్తుందని అర్థం. అదీ నిండా గాలి ఉంటేనే. 305 వేసి 325 మోసే టైరు పెడితే మిగిలేది 20 కిలోలే. వాలులో బండి ఒకపక్కకు ఒరిగిందంటే దిగువ టైరుమీద ఆ 20 ఎప్పుడో దాటిపోతుంది.

నేను చెప్పింది 145/80 ఆర్ 12. ఆల్టో కారుకు వచ్చే కొలత ఇది. రిమ్ము అదే, వెడల్పూ అదే, పక్కగోడ మాత్రం కాస్త ఎత్తు. మొత్తం 537 మిల్లీమీటర్లు; పాతదానికంటే నూటికి ఆరు కూడా పెరగలేదు. ఇంజను ఆ తేడాను లెక్కచేయదు, బ్రేకూ అంతే. బండి ఒకటిన్నర సెంటీమీటరు లేస్తుంది. మోతగుర్తు 74, అంటే 375 కిలోలు. గోడ ఎత్తు గనక రాయి తగిలినప్పుడు రిమ్ము దెబ్బతినే భయమూ తక్కువ. బావగారి ఎద్దులబండి న్యాయంలో మనకు పనికొచ్చే పాలు ఇంతే.

వాడికి వెడల్పు టైర్లమీద కూడా కోరిక ఉంది, సినిమాల్లో చూసి. మారుతీ రిమ్ము వెడల్పు నాలుగు అంగుళాలు. దానికి 185 టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి ముడుచుకుని, మధ్యభాగమే నేలను తాకుతుంది. డబ్బిచ్చి పట్టు పోగొట్టుకోవడం.

కొత్త కొలత ఎక్కడా రాసుకోకుండా ఉందో లేదో చూడడానికి ఒక చిట్కా. చక్రంపైన ఉండే రేకుకు లోపల బంకమన్ను ముద్దలు నాలుగైదు అంటించండి. నిండా బరువు వేసి, స్టీరింగు రెండు కొసలకూ తిప్పుతూ, గతుకుల్లో పది గజాలు మెల్లగా పోనిచ్చి దిగి చూడండి. ముద్ద అణిగినచోట రేకు అడ్డొస్తోందన్నమాట. మాకు కుడివైపు ముందు ఒకచోట అణిగింది. వాడు సుత్తితో అంచు మడిచేశాడు.

కొనేటప్పుడు పక్కగోడమీద నాలుగంకెల తేదీ చూడడం మరవకండి. 3523 అని ఉంటే 2023లో ముప్పైఅయిదో వారం తయారైందని. ఏళ్లతరబడి అటకమీద పడున్న టైరు కొత్తగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం బిరుసెక్కి ఉంటుంది. ఒకే ఇరుసుమీద రెండు రకాలు కలపకూడదు. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే కారు టైరు తీసేయమని నిబంధనే ఉంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి.

చట్టం సంగతీ చెప్పాలి. ఇటువంటి బండిని ఊరి దారిలోకి తీసుకురాకూడదు. కంచెలోపల మాత్రమే వాడడానికి ప్రత్యేకంగా చేసినదాన్ని 1988 మోటారు వాహనాల చట్టం వాహనంగా లెక్కించదు. గేటు దాటితే రిజిస్ట్రేషను కావాలి, అది రాదు. కాటాకు ట్రాలీమీద తీసుకుపోయింది అందుకే.

అయిదు టైర్లు కొన్నాం, స్పేరుతో సహా. బిగించాక సుద్దతో టైరుమీదా నేలమీదా గీతపెట్టి, ఒక్క చుట్టు దొర్లించి కొలిచాం. ఒక మీటరు 64 సెంటీమీటర్లు వచ్చింది. స్పీడు ముల్లు 30 దగ్గర ఉంటే బండి 32 కిందే పోతుందని లెక్కవేసి అద్దం కింద రాసిపెట్టాం. యాభై కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ బిగించమని చెప్పి వచ్చాను.

అవ్వ ఈమధ్య పైతోట చూసివచ్చిందట. కుదుపు లేదంది గాని, బండిలో పొగవాసన వస్తోందని సణుగుతోందట. అది టైర్ల సంగతి కాదు, వాడే చూసుకుంటాడు.