సబ్‌వూఫర్ ఎందుకు మాడిపోతుంది?

కారులో మంద్రధ్వనులను పలికించే సబ్‌వూఫర్‌లో వాయిస్ కాయిల్ అనే తీగచుట్ట ఉంటుంది. దానికందే విద్యుత్తులో అధికభాగం ఉష్ణంగానే మారుతుంది. ఆ వేడి హద్దు మీరితే తీగపూత, జిగురు చెడి చుట్ట మాడిపోతుంది.

ఆంప్లిఫయర్‌పై ఉన్న గెయిన్‌ను చాలామంది ధ్వనిని పెంచే సాధనంగా పొరబడతారు. నిజానికది స్టీరియో నుండి వచ్చే సంకేతానికి ఆంప్లిఫయర్‌ను సరిపోల్చే అమరిక. దానిని మితిమీరి పెంచితే తరంగశిఖరాలు తెగి చదునవుతాయి. స్పీకరుకు చేరే శక్తి, దానితోపాటు వేడి పెరుగుతాయి.

కనుక గెయిన్‌ను కొలిచి అమర్చాలి. ముందుగా స్పీకరు తీగలను విప్పి, గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, స్టీరియో ధ్వనిని ముప్పాతికకు పెంచి, 50 హెర్ట్జ్ పరీక్షాధ్వనిని నడపాలి. ఆంప్లిఫయర్, స్పీకరు నిరంతర సామర్థ్యాలలో తక్కువైన వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం కట్టాలి. 400 వాట్లు, 4 ఓమ్‌లయితే 40 వోల్టులు. గెయిన్‌ను మెల్లగా పెంచుతూ, మల్టీమీటరులో ఆ ఏసీ వోల్టేజి కనబడగానే ఆపాలి.