సూపర్‌హీరో కామిక్స్: ఇంగ్లీష్ అంతంతే వస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక్క ప్రశ్న మీదనే. మా జఫర్‌గఢ్ బస్టాండ్ కాడ చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి అడిగిండు. ఇంటర్ చదువుతుండు. "అన్నా, మార్వెల్ సినిమాలన్నీ చూసిన. కామిక్స్ చదవాలని ఉంది. కానీ మనది తెలుగు మీడియం గదా, మనకు అయితదా?" అన్నడు. అడిగి నవ్విండు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. సిగ్గును కప్పిపెట్టుకునే నవ్వు అది. హన్మకొండ హాస్టల్‌లో ఉన్నప్పుడు నేనూ అట్లనే నవ్వేవాణ్ని. రూమ్మేట్ చేతిలో కామిక్ ఉంటే అడిగి తీసుకుని, రెండు పేజీలు తిప్పి, "బాగుందిరా" అని తిరిగిచ్చేసేవాణ్ని. నిజానికి ఒక్క ముక్క కూడా చదవలేదు.

ఇప్పుడు ఆ తమ్ముడికి చెప్పిందే మీకూ చెప్తా. అయితది. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియాలి.

ముందు ఒక సంగతి. బొమ్మల వరసలో కథ చదవడం మనకు కొత్త కాదు. జనగామ నుంచి సిద్దిపేట పోయే తోవలో చేర్యాల తగులుతుంది. అక్కడి నకాషీ కళాకారులు పొడుగాటి బట్ట మీద వరసలు వరసలుగా బొమ్మలు వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, ఆ బట్టను కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కులపురాణాలు చెప్పేవాళ్లు. చదువు రానివాళ్లు కూడా రాత్రంతా కూర్చొని కథను పట్టుకున్నారు. ఆ బట్టను ముక్కలు చేసి పుస్తకంగా కుట్టినట్టు ఊహించుకోండి, అదే కామిక్.

మరి కామిక్ ఎట్ల పనిచేస్తది? ఒక పెట్టెలో బొమ్మ ఉంటుంది, దాన్ని ప్యానెల్ అంటారు. పక్కన ఇంకో ప్యానెల్, మధ్యలో సన్నటి ఖాళీ. అసలు పని ఆ ఖాళీలోనే. మొదటి ప్యానెల్‌లో ఒకామె ఆర్టీసీ బస్సు వెనక ఉరుకుతుంది. రెండో ప్యానెల్‌లో కిటికీ పక్కన కూర్చొని చెమట తుడుచుకుంటుంది. బస్సు ఎక్కడం ఎవరూ గీయలేదు. మనమే ఎక్కించినం. అందుకే తొందరపడి మాటలు మాత్రమే చదువుకుంటూ పోతే కామిక్ సగమే చదివినట్టు. ముందు బొమ్మ చూడండి, తర్వాత మాట చదవండి, మళ్లీ బొమ్మ చూడండి. తెలియని పదాల్లో చాలావాటికి అర్థం బొమ్మే చెప్తది.

ఇంకో గందరగోళం నంబర్లు. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చిండు, బ్యాట్‌మన్ 1939లో, స్పైడర్-మ్యాన్ 1962లో. ఇన్నేళ్ల కథలు మొదటి నుంచి చదవాలంటే అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. ఒక రచయిత, ఒక చిత్రకారుడు కలిసి కొన్నాళ్లు నడిపిన కథను 'రన్' అంటారు. మనం హీరో పేరు పట్టుకుని వెతకొద్దు, రన్ పట్టుకుని వెతకాలి. విడి సంచికను 'ఇష్యూ' అంటారు. నాలుగైదు ఇష్యూలు కలిపి ఒక పుస్తకంగా వేస్తే 'వాల్యూమ్'. కొనేటప్పుడు వాల్యూమ్ ఒకటి నుంచి కొనాలి. అంతే లెక్క.

సరే, ఇప్పుడు ఐదు సిరీస్‌లు. నేను చెప్పే వరుసలోనే చదవండి.

మొదటిది 'మిస్ మార్వెల్', 2014లో మొదలైంది. రాసింది జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా. కమలా ఖాన్ అని పదహారేళ్ల పిల్ల. అమెరికాలో జెర్సీ సిటీలో ఉంటుంది, అమ్మానాన్నలు పాకిస్తాన్ నుంచి వచ్చినోళ్లు. రాత్రి పార్టీకి పోతానంటే ఇంట్లో వద్దంటారు. ఆ ఇల్లు చూస్తే మన ఇల్లే గుర్తొస్తది. ఆ పిల్లకు ఒంటిని మార్చుకునే శక్తి వస్తది. వచ్చీరాగానే ఏం చేసిందో తెలుసా? తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఉండే పేరున్న హీరోయిన్‌లా మారిపోయింది. తను తనలా ఉంటే ఎవరూ పట్టించుకోరని ఆమె భయం. తనలానే ఉంటూ హీరో కావడం ఎట్లన్నదే కథ. మొదటి వాల్యూమ్‌కు 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. మాటలు స్కూలు పిల్లలు మాట్లాడుకునే మాటలే, తేలిక. నేను మొదటిసారి ఆఖరి పేజీ దాకా చదివిన కామిక్ ఇదే. మనలా మాట్లాడితే చిన్నచూపు చూస్తారన్న భయం నాకూ ఉండేది గదా.

రెండోది 'అల్టిమేట్ స్పైడర్-మ్యాన్', 2000లో మొదలు. రాసింది బ్రయాన్ మైకేల్ బెండిస్, గీసింది మార్క్ బ్యాగ్లీ. ఇద్దరూ కలిసి వరసగా 111 ఇష్యూలు చేశారు. 1962లో స్పైడర్-మ్యాన్ పుట్టుక కథ 11 పేజీల్లో అయిపోయింది. అదే కథను వీళ్లు ఏడు ఇష్యూలకు సాగదీశారు. సాగదీస్తే బోర్ కదా అంటారేమో. కాదు. అంకుల్ బెన్‌తో పీటర్ పోట్లాడటం, కోపంగా ఇంట్లోంచి వెళ్లిపోవడం, ఇవన్నీ మనం దగ్గరుండి చూస్తాం. అందుకే ఆ చావు మనింట్లో చావులా తగులుతది. సినిమాలు చూసినవాళ్లకు కథ కొంత తెలుసు కాబట్టి ఇంగ్లీష్ అడ్డం రాదు.

మూడోది 'హాకై', 2012 నుంచి 2015 దాకా 22 ఇష్యూలు. రచన మ్యాట్ ఫ్రాక్షన్, బొమ్మలు ఎక్కువగా డేవిడ్ ఆహా. శక్తులేమీ లేని విలుకాడు క్లింట్ బార్టన్ సెలవు రోజున ఏం చేస్తాడనేదే కథ. తను ఉండే బిల్డింగ్‌లో కిరాయిదార్లను రౌడీలు ఖాళీ చేయిస్తుంటే అడ్డం నిలబడతాడు. ఇందులో 11వ ఇష్యూ ఒక కుక్క కోణంలో నడుస్తది. కుక్కకు మన మాటలు ఎక్కడో ఒకటి తప్ప అర్థం కావు గదా, అందుకని మాటలు దాదాపు ఉండవు. వాసనలు, గుర్తులు, బొమ్మలు, అంతే. ఆ ఇష్యూకు ఐస్నర్ అవార్డు వచ్చింది. 19వ ఇష్యూలో క్లింట్‌కు చెవులు వినపడవు, చాలా సంభాషణ సైగల భాషలో ఉంటుంది. ఇంగ్లీష్ మస్తుగా వచ్చినోడు, అంతంతే వచ్చినోడు అక్కడ ఇద్దరూ సమానమే. "మనకు అయితదా" అన్న ప్రశ్నకు నా జవాబు ఈ రెండు ఇష్యూలు.

నాలుగోది 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్', 2005 నుంచి 2008 దాకా 12 ఇష్యూలు. గ్రాంట్ మోరిసన్ రాసిండు, ఫ్రాంక్ క్వైట్లీ గీసిండు. సూర్యుడి శక్తి హద్దు దాటి ఒంట్లోకి ఎక్కడంతో సూపర్‌మ్యాన్ చావుకు దగ్గరపడతాడు. ఉన్న కొద్ది టైంలో ఏం చేయాలి? పెద్ద పెద్ద పనులు చాలా చేస్తాడు. కానీ అందరికీ గుర్తుండిపోయింది పదో ఇష్యూలో ఒక్క పేజీ. బతుకు మీద ఆశ వదులుకున్న ఒక పిల్ల దగ్గరికి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, నువ్వు అనుకుంటున్నదాని కన్నా నీకు బలం ఎక్కువ అన్నట్టు నాలుగు మాటలు మాట్లాడతాడు. కొండలు ఎత్తేటోడు ఆగి ఒక మనిషితో మాట్లాడటం. ఆ పేజీ చూసినంక ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్న. దోస్తులు, మీకు గానీ మీ పక్కవాళ్లకు గానీ మనసు అట్లా బరువైతే ఎవరితోనైనా మాట్లాడండి. 14416 టెలీ మానస్ నంబర్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఐదోది 'ఇన్విన్సిబుల్', 2003 నుంచి 2018 దాకా 144 ఇష్యూలు. రాబర్ట్ కిర్క్‌మన్ రచన, కోరీ వాకర్, రయాన్ ఓట్లీ బొమ్మలు. నాన్న పెద్ద సూపర్‌హీరో, కొడుక్కి అప్పుడే శక్తులు వచ్చినయ్. ఇంతకు మించి చెప్తే మజా పోతది. దీని గొప్పతనం, కథకు మొదలు ఉంది, ముగింపు ఉంది. కానీ రక్తపాతం బాగా ఎక్కువ. పద్దెనిమిది దాటినవాళ్లకే. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్ల చేతికి ఇవ్వకండి.

'వాచ్‌మెన్' చెప్పలేదేంది అన్నా అంటారని తెలుసు. 1986లో మొదలైన ఆ 12 ఇష్యూలు గొప్పవే. కానీ అది సూపర్‌హీరోలనే నిలదీసే కథ, అదీ పెద్దవాళ్లది. ముందు హీరోలతో దోస్తీ చేయండి, తర్వాత నిలదీయొచ్చు.

ఇక పైసల సంగతి. ఫోన్‌లో చదవాలంటే కిండిల్‌లో కొనుక్కోవచ్చు. ప్యానెల్ తర్వాత ప్యానెల్ పెద్దగా చూపించే సౌకర్యం చాలా పుస్తకాలకు ఉంటుంది, చిన్న స్క్రీన్‌కు అది మంచిది. కాగితమే కావాలంటే హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతకండి. ఐదూ ఒకేసారి కొనొద్దు. ఒక వాల్యూమ్ కొని, నలుగురు దోస్తులు తిప్పుకుని చదవండి.

చివరగా నా మనసులో మాట. మనకు 1947 నుంచి చందమామ ఉండె, దాసరి సుబ్రహ్మణ్యం గారి సాహస సీరియళ్లు ఉండె, బుజ్జాయి గారి 'డుంబు' ఉండె. 2024లో 'హను-మాన్' సినిమాతో తెలుగు సూపర్‌హీరోకు థియేటర్లు నిండినయ్. మన జనగామ జిల్లాలోనే ఖిలాషాపూర్ కోట ఉంది. కల్లుగీసే కులంలో పుట్టి, 1708లో ఓరుగల్లు మీద పడ్డ సర్వాయి పాపన్న కోట అది. పాటలు కట్టి జనం ఆయన్ని మూడొందల ఏళ్లు బతికించుకున్నారు. ప్యానెళ్లలో కూడా ఆయన్ని చూడాలని నాకు ఆశ. అది గీయాలంటే ముందు ప్యానెల్ ఎట్ల పనిచేస్తదో తెలిసినోళ్లు ఉండాలి గదా. ఆ తమ్ముడు నోట్‌బుక్ వెనక బొమ్మలు వేస్తాడట, పోయేటప్పుడు చెప్పిండు. ఈసారి ఆ నవ్వు లేదు.

మిస్ మార్వెల్‌తో షురూ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.