హీరోగారి కారు మొరాయించింది!

“సైలెన్స్... రోల్ సౌండ్... కెమెరా... యాక్షన్!”

హీరో తాళం తిప్పాడు. కారు రెండుసార్లు మూలిగింది. అంతే! మళ్లీ తిప్పాడు. మూలుగు కూడా లేదు. డైరెక్టర్‌గారు టోపీ తీసి నేలకేసి కొట్టారు. నిర్మాత వాచీ చూసుకున్నారు.

మొన్న ఎండాకాలం అనంతగిరి కొండల్లో జరిగిన షూటింగ్ సంగతి ఇది. కథ 1968లో జరుగుతుందట. అందుకని అచ్చంగా 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 స్పోర్ట్స్ కారు అద్దెకు తెచ్చారు. ఎర్ర రంగు, టాపు లేదు, ఇద్దరే కూర్చోవాలి. హీరోయిన్ ఎక్కిందంటే ఇక మూడో మనిషికి చోటే లేదు! హీరోయిన్‌గారి ఇంటర్వ్యూ కోసం వెళ్లిన నేను, ఆమె క్యారవాన్ దిగకపోవడంతో, కారు దగ్గర మెకానిక్ బాబాయ్ పక్కన చతికిలబడ్డాను. చెప్పొద్దూ, ఇంటర్వ్యూ కంటే అదే బాగుంది.

ఈ స్పిట్‌ఫైర్ మనకు మరీ పరాయిదేం కాదు. 1961 నుంచి పదేళ్లపాటు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుందా? అది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డే. ఆ హెరాల్డ్ చాసిస్‌నే కురచ చేసి, 1962లో స్పిట్‌ఫైర్ కట్టారు. రెండింటికీ రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టీ. అంటే ఇది హెరాల్డ్‌కి సొంత చెల్లెలన్నమాట! కుర్రతనంలో మద్రాసులో హెరాల్డ్ కార్లు విప్పి బిగించిన బాబాయ్‌కి దీనితో బంధుత్వం అలా కలిసింది.

“జబ్బేమిటి బాబాయ్?” అన్నాను.

“జబ్బు కాదబ్బాయ్, ఉక్కపోత. డబ్బాకి ఊపిరాడ్డం లేదు,” అన్నాడాయన.

ఆ డబ్బా కథ కాస్త చెప్పాలి. పాతకాలపు కార్లలో ప్లగ్గుకి నిప్పురవ్వ అందించేది పాయింట్లు. డిస్ట్రిబ్యూటర్‌లో రెండు చిన్న లోహపు బిళ్లలు, మధ్య సందు విజిటింగ్ కార్డు మందం. అవి విడిపోయినప్పుడల్లా కాయిల్‌లోంచి ఒక నిప్పురవ్వ పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే, సెకనుకి వందసార్లు! ఆ పోట్లాటలో బిళ్లలు మాడతాయి, సందు మారుతుంది, వేడికి కండెన్సర్ పోతుంది. తెర మీద బటన్ నొక్కగానే సీటు గాల్లోకి ఎగిరిన జేమ్స్‌బాండ్ ఆస్టన్ మార్టిన్ డి.బి.5లో కూడా లోపల ఉన్నవి ఈ పాయింట్లే!

దీనికి విరుగుడుగా వచ్చింది ఎలక్ట్రానిక్ డబ్బా. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టుల్ని లోపల నాలుగొందలకి పైగా పెంచి, కెపాసిటర్‌లో దాచి, ఒక్కసారిగా కాయిల్ మీదకి వదులుతుంది. ప్లగ్గుకి నూనె మసి పట్టినా రవ్వ పడుతుంది. 1969 మోడల్ 911 ఎస్ కారుకి పోర్షే కంపెనీ ఫ్యాక్టరీలోనే ఇలాంటిది బిగించింది. స్పిట్‌ఫైర్ లాంటి కార్లకి మాత్రం మనమే బయట కొని పెట్టుకోవాలి. పాయింట్లుంటాయి గానీ, అవి ఇక సైగ మాత్రమే చేస్తాయి, బరువు మోసేది డబ్బా. కాబట్టి మాడవు. అయితే రాపిడికి అరగడం మానవు గనుక సందు చూస్తూనే ఉండాలి.

మరి ఇంత మంచి డబ్బా ఎందుకు చచ్చింది?

సినిమా కోసం! కథ ప్రకారం దారిలో కారు ఆగితే, హీరోయిన్ బానెట్ ఎత్తి చూస్తుంది. స్పిట్‌ఫైర్ బానెట్ అంటే మాటలా? రెక్కలతో సహా ముందు భాగమంతా మొసలి నోరులా తెరుచుకుంటుంది. లోపల ఎర్రగా మెరిసే అల్యూమినియం డబ్బా కనిపిస్తే, 1968లో ఇదెక్కడిదని ప్రేక్షకులు నవ్వరూ? అందుకని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు దాన్ని కెమెరాకి అవతలి పక్కకి మార్చి, పైన నల్ల రేకు మూత బిగించేశాడు. ఆ అవతలి పక్కనే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కాగుతోంది!

“రోడ్డు మీద పోయే కారుకైతే గాలి తగుల్తుంది. షూటింగ్ కారుకి అదీ లేదు. వంద గజాలు పోవడం, కట్ అనడం, వెనక్కి రావడం, ఇంజన్ ఆన్‌లో పెట్టి ఎండలో నిలబెట్టడం! ఆపాక ఇంకా వేడెక్కుద్ది, ఫ్యాన్ తిరగదుగా,” అని విసుక్కున్నాడు బాబాయ్. కొందరు డబ్బాని గ్లోవ్ బాక్సులో పెట్టి మూతేస్తారట. అదీ తప్పే. చుట్టూ గాలి ఆడాలి, నీళ్లు చిందకూడదు, ఇంజన్‌కి నేరుగా బిగించకూడదు.

నలభై నిమిషాలు చల్లారాక కారు లేచింది. కానీ డబ్బా ఎక్కడ పెట్టాలి? ఇక్కడే అసలు గొడవ! కారు యజమాని డెబ్భై దాటిన పెద్దాయన. షూటింగంతా కుర్చీ వేసుకుని కారు పక్కనే కూర్చున్నారు. “నా కారుకి ఒక్క కొత్త చిల్లు పడినా ఇప్పుడే తీసుకెళ్లిపోతా,” అన్నారు. “మళ్లీ ఆగితే రోజు కాల్షీట్ పోయినట్టే,” అన్నారు నిర్మాత. “అసలు తీసేసి పాయింట్లతోనే నడపండి,” అన్నాడు మేనేజర్. ఆ ఎండలో, ఆ ఘాట్ రోడ్డులో మాడిన పాయింట్లు ఎంతసేపు నిలబడతాయో చెప్పలేనన్నాడు బాబాయ్. చివరికి డ్యాష్‌బోర్డు కింద, ఎడమ సీటులో కూర్చున్నవాళ్ల కాళ్లకి పైన జాగా చూపించాడు. ముందే ఉన్న మరల్ని ఆసరా చేసుకుని ఒక అల్యూమినియం పట్టీ, దాని మీద నాలుగు రబ్బరు బుష్షులు, వాటి మీద డబ్బా. తీగలు పోవడానికి ఇదివరకే ఉన్న కన్నం. పెద్దాయన వంగి, టార్చి వేసి చూసి, తల ఊపారు. అప్పటికి నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

తీగల దగ్గర బాబాయ్ చాదస్తం చూడాలి! లావు తీగలు రెండూ నేరుగా బ్యాటరీకే. రబ్బరు మీద కూర్చున్న డబ్బాకి బాడీ ఎర్త్ అందదు మరి. మార్క్ 3 కాబట్టి మైనస్ ఎర్త్, సరిపోయింది. మార్క్ 1, మార్క్ 2లలో బాడీకి కలిసేది ప్లస్! అది చూసుకోకుండా బిగిస్తే డబ్బా ఖర్మ కాలినట్టే. కాయిల్‌కి డబ్బా తీగలు రెండే తగలాలి, పాతవేవీ ఉండకూడదు. ఇంజన్ నడుస్తుంటే అక్కడ వేలు పెట్టావో, నాలుగొందల వోల్టులు! సైగ తీగని ప్లగ్గు తీగలకి దూరంగా లాగాడు. ప్లగ్గు తీగలు కూడా మామూలు రాగివి కాదు, రేడియో గోల అణిచేవి. లేకపోతే డైలాగు మధ్యలో హెడ్‌ఫోన్లలో చిటపటలని సౌండ్ ఇంజనీరు అప్పటికే రెండుసార్లు మొత్తుకున్నాడు.

విప్పిన పాత తీగని మాత్రం పారెయ్యలేదు. చివరకి టేపు చుట్టి, కాయిల్ పక్కనే కట్టేశాడు. డ్యాష్‌బోర్డు అరలో ఒక కండెన్సర్ పడేశాడు. “డబ్బా దారిలో పోతే పది నిమిషాల్లో పాత పద్ధతికి వచ్చెయ్యొచ్చు బాబూ,” అన్నాడు పెద్దాయనతో.

సాయంత్రం దాకా కారు ఒక్కసారి కూడా ఆగలేదు. బానెట్ షాట్ ఆరు టేకులు తీశారు. ఇంటర్వ్యూ మర్నాడు దొరికింది.

మొన్న ఆ సినిమా అసోసియేట్ డైరెక్టర్ కనిపిస్తే బానెట్ సీను ఎలా వచ్చిందని అడిగాను.

“నిడివి ఎక్కువైందండీ. ఎడిటింగ్‌లో తీసేశాం,” అన్నాడు!