పాత సీపీయూకు కొత్త హార్డ్ డిస్క్

గాలిదుమారం లేచిందంటే భద్రాచలంలో ముందు పోయేది కరెంటు. డీటీపీ సెంటర్లో సగం కంపోజ్ చేసిన శుభలేఖ ఠక్కున మాయమవుతుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చినా మార్చని షాపులు తక్కువేం కావు మరి. అయితే ఆ క్షణాన సీపీయూ లోపల జరిగే పని చూడముచ్చటైనది.

హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటుంది. ఆ వేగానికి ఏర్పడే గాలి పొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున, హెడ్ తేలుతూ రాస్తుంది, చదువుతుంది. వేగం తగ్గితే ఆ పొర నిలవదు, హెడ్ పళ్లేన్ని తాకుతుంది. అందుకే కరెంటు పోగానే, పళ్లెం ఇంకా తిరుగుతున్న ఊపుతో మోటారే జనరేటరవుతుంది. అది పుట్టించిన కాస్త కరెంటుతోనే హెడ్ పక్కకు జరిగి తన చోట కూర్చుంటుంది. 1980ల నాటి డిస్కుల్లో చాలావాటికి ఈ ఏర్పాటు లేదు. కంప్యూటర్ ఆపేముందు హెడ్‌ను పార్క్ చేయమని మనమే కమాండ్ కొట్టాల్సి వచ్చేది.

ఈ యంత్రం పుట్టింది 1956లో. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రేనాల్డ్ జాన్సన్ బృందం ఐబీఎం కోసం రామాక్ అనే డిస్క్ యంత్రాన్ని తయారుచేసింది. 24 అంగుళాల పళ్లేలు 50, బరువు టన్ను పైనే, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకే సరిపోకపోవచ్చది. డెస్క్‌టాప్‌లో పట్టే సైజుకు 1980లో సీగేట్ కుదించింది.

డిస్క్‌కు చావు మాత్రం తరచూ చప్పుడుతో వస్తుంది. పళ్లెం మీద ముందే రాసిపెట్టిన దారి గుర్తులు హెడ్‌కు దొరకకపోతే వెనక్కెళ్లి మళ్లీ వెతుకుతుంది. వినపడే టిక్కు టిక్కులు అవే. అవి వినపడితే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ఉన్న డేటా కూడా గీసుకుపోవచ్చు.

నీళ్ల సంగతి ఈ ఊరికి వేరే చెప్పాలా? 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు వచ్చింది గోదావరి. పాత డిస్కుల పైమూతకు గాలి ఒత్తిడి సర్దుకోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. లోపలి ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది, వరదను ఆపలేదు. మునిగిన డిస్క్‌ను ఎండలో పెట్టడం మన అలవాటే కానీ, తడి ఆరితే ఒండ్రు పళ్లేనికి అంటుకుపోతుంది. డేటా కావాలంటే తడిగానే రికవరీ వాళ్లకు చేర్చాలి. 2011లో థాయిలాండ్ వరదల్లో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలే మునిగాయి, ప్రపంచమంతటా డిస్కుల ధరలు ఎగబాకాయి.

డీటీపీ సెంటర్లో ఇంత పాత సీపీయూ ఎందుకు, కొత్తది కొనవచ్చుగా అంటారు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన ఫైళ్లు అన్నీ విండోస్ ఎక్స్‌పీ మీద కుదురుకున్నాయి. నడుస్తున్నదాన్ని కదపడానికి ఎవరికీ మనసొప్పదు, అది తప్పని నేనూ అనను. డిస్క్ మార్చే ముందు సైడు డోరు విప్పి కేబుల్ చూడాలి. 40 పిన్నుల వెడల్పాటి పట్టీ అయితే ఐడీఈ, సన్నటిదైతే సాటా. ఐడీఈ కాలం బోర్డులు చాలావరకు సెక్టారు నంబరుకు 28 బిట్లే వాడతాయి. సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది 137 జీబీ దగ్గర ఆగిపోతుంది. అలాంటి బోర్డుకు పెద్ద డిస్క్ తెచ్చినా మిగతాదంతా దండగే. సాటా బోర్డు మీద ఎక్స్‌పీ వేసేటప్పుడు బయాస్‌లో ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ మోడ్ పెట్టాలి, లేకపోతే డిస్కే కనపడదంటుంది.

డోరు మూసేలోపు బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కూడా మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు. అది అయిపోతే బయాస్‌లో పెట్టినవి పోయి, ఆ మోడ్ మళ్లీ ఏహెచ్‌సీఐకి వెళ్లిపోవచ్చు. అప్పుడు నీలి తెర చూసి, కొత్త డిస్కే పాడైందనుకుని షాపువాడితో తగువు పెట్టుకుంటారు.