స్థిరకటకమా? జూము కటకమా?

లాలా దీనదయాళ్ అను ఛాయాగ్రాహకుడు 1886వ సంవత్సర ప్రాంతమున సికింద్రాబాదులో ఒక చిత్రశాలను నెలకొల్పెను. ఆయన మీరటు సమీపమునందలి సార్ధనలో 1844లో జన్మించి, రూర్కీ నగరమునందలి థామసన్ కళాశాలలో విద్య నభ్యసించి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు ఛాయాచిత్రకళను అలవరచుకొనెను. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, తరువాత 'ముసవ్విర్ జంగ్' అను బిరుదమును ప్రసాదించెను. చార్మినారు, ఫలక్‌నుమా సౌధము, దర్బారులు, వేటలు మున్నగువానిని ఆయన తీసిన చిత్రములు నేటికిని చరిత్రకారులకు ఆధారములై యున్నవి.

ఆ కాలపు కెమెరా ఒక పెద్ద కర్రపెట్టె. దానిని ముక్కాలి పీటపై నిలిపి, గాజు పలకపై చిత్రమును పడజేసెడివారు. పెట్టె ముందు బిగించిన కటకమునకు చూపు ఒక్కటియే. సౌధము చిత్రములో మరికొంత పెద్దదిగా కనబడవలెనన్నచో, ఆ పెట్టెనంతయు మోసికొని ముందునకు నడువవలెను; లేదా ఆ కటకమును విప్పి వేరొక దానిని బిగింపవలెను. నేడు దిల్‌సుఖ్‌నగరు సాయిబాబా మందిరము కడ గురువారమునాటి జనసమూహమును చిత్రించు యువకుడు నిలిచినచోటనే నిలిచి, కటకముపై నున్న వలయమును వ్రేళ్లతో త్రిప్పిన చాలును. దూరముననున్న వస్తువు దగ్గరకు వచ్చినట్లుండును. ఇంత సుఖము లభించిన పిమ్మట పాతతరహా కటకముతో ఇక పనియేమి అని తోచుట సహజము. కాని ఒకే చూపుగల కటకములు నేటికిని తయారగుచునే యున్నవి. ఛాయాచిత్రములు తీయుటయే వృత్తిగా గలవారు వానిని కొనుచునే యున్నారు. దీనికి కారణము తెలిసికొనవలెనన్నచో, కటకము పని చేయు తీరును కొంత పరిశీలింపవలెను.

ఎండలో భూతద్దమును పట్టి, దాని క్రింద కాగితము నుంచి, ఎత్తు సవరించినచో ఒక చోట సూర్యకాంతి చిన్న చుక్కగా చేరి కాగితమును కాల్చును. అద్దమునకును ఆ చుక్కకును గల దూరమునే నాభ్యంతరమందురు. కెమెరా కటకమునకును ఇట్టి నాభ్యంతరము కలదు; దానిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. నాభ్యంతరము మారని కటకము స్థిరకటకము. దీనినే ప్రైము లెన్సు అందురు. కొన్ని హద్దుల మధ్య నాభ్యంతరమును మార్చుకొనుటకు వీలైనది జూము లెన్సు. కొత్త కెమెరాలతోపాటు సామాన్యముగా ఇచ్చు కటకముపై '18-55' అని యుండుట చూచెదము. అది 18 మొదలు 55 మిల్లీమీటర్ల వరకు మారునని అర్థము.

నాభ్యంతరము పెరిగినకొలది కెమెరా లోపల పడు ప్రతిబింబము పెద్దదగును. ఎల్.బి. నగరు దాటి విజయవాడ మార్గమున పోవునపుడు వనస్థలిపురము కడ మహావీర హరిణ వనస్థలి కలదు. ఒకప్పుడు నిజాముల వేటభూమి. నేడు కృష్ణజింకలకు ఆశ్రయము. జింక ఎత్తు భుజముకడ సుమారు 80 సెంటీమీటర్లు. అది మనకు 60 మీటర్ల దూరమున మేయుచున్న దనుకొందము. 50 మిల్లీమీటర్ల కటకముతో దాని ప్రతిబింబము ఒక మిల్లీమీటరులో మూడింట రెండువంతులు మాత్రమే యుండును. 24 మిల్లీమీటర్ల ఎత్తుగల చిత్రఫలకముపై అది ఒక నలుసు. 300 మిల్లీమీటర్ల కటకముతోనైనచో నాలుగు మిల్లీమీటర్లుండును. అనగా ఫలకము ఎత్తులో ఆరవవంతు. దగ్గరకు నడిచి పోవుద మన్నచో జింక నిలుచునా? మనుష్యుని అలికిడి విన్నంతనే ఎగిరి గంతులిడును. కావున ఇచ్చట దీర్ఘ నాభ్యంతరము తప్పదు. ఒకప్పుడు దూరమునను, ఒకప్పుడు సమీపమునను కనబడు ప్రాణికి జూము కటకమే అనుకూలము.

జూము కటకము మొదట చలనచిత్రముల కొరకు వృద్ధి పొందినది. 1932లో బెల్ అండ్ హోవెల్ వారి సినిమా కెమెరాల కొరకు 'వారో' అను కటకము వెలువడెను. నిశ్చల ఛాయాచిత్రముల కొరకు 35 మిల్లీమీటర్ల కెమెరాకు తగిన మొదటి జూము 1959లో ఫాయిగ్ట్‌లాండరు వారు విక్రయించిన 'జూమార్'. దాని వ్యాప్తి 36 మొదలు 82 మిల్లీమీటర్లు. దీనదయాళ్ 1905లో కాలధర్మము నొందెను గనుక, ఇవి ఏవియు ఆయన యెరుగడు.

ఇక జూము కటకము లోపల నేమున్నది? కెమెరా కటకము ఒక్క అద్దము కాదు. అనేకములైన అద్దముల కూర్పు. స్థిరకటకములలో మిక్కిలి ప్రసిద్ధమైన అమరిక ఆరు అద్దములది. 1896లో పాల్ రుడాల్ఫ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 'ప్లానార్' అను పేర కల్పించిన ఆ అమరికనుండియే నేటి 50 మిల్లీమీటర్ల కటకములు అనేకము పుట్టినవి. ఒకే నాభ్యంతరమునకు దోషములను దిద్దుకొనిన చాలును గనుక, ఇంత తక్కువ సామగ్రితో పని జరుగును. జూములోనన్ననో అద్దములు గుంపులుగా ముందువెనుకలకు జరుగవలెను. ప్రతి నాభ్యంతరమునందును దోషములు హద్దు మీరకుండవలెను. అందుకై పది మొదలు ఇరువది వరకు అద్దములు కావలసివచ్చును. అద్దములు పెరిగిన కొలది బరువు పెరుగును, వెల పెరుగును. బరువు మితిమీరకుండుటకై చౌకరకపు జూములలో కాంతిద్వారమును చిన్నది చేయుదురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

నాభ్యంతరమును కాంతిద్వారపు వ్యాసముతో భాగించగా వచ్చు సంఖ్యను 'ఎఫ్' సంఖ్య యందురు. ఈ సంఖ్య చిన్నదైన కొలది ద్వారము పెద్దది, లోపలికి వచ్చు వెలుతురు ఎక్కువ. 50 మిల్లీమీటర్ల సాధారణ స్థిరకటకమునకు ఇది 1.8 వరకు తగ్గును. ద్వారము సుమారు 28 మిల్లీమీటర్లు తెరచుకొనును. 18-55 జూము 55 కడ నున్నపుడు సంఖ్య 5.6 కంటె తగ్గదు. ద్వారము పది మిల్లీమీటర్లే. 5.6ను 1.8చే భాగించి, వచ్చినదానిని వర్గము చేయగా తొమ్మిదిన్నరకు పైబడును. అనగా స్థిరకటకము తొమ్మిది రెట్లకు మించిన వెలుతురును లోపలికి విడుచును.

ఈ లెక్క పుస్తకములో చదువునపుడు చిన్నది. రాత్రి ముహూర్తమున పెద్దది. ఎల్.బి. నగరు ప్రాంతమున ఒక కల్యాణమండపములో మసక వెలుతురున వధూవరులు ఒకరి తలపై నొకరు తలంబ్రాలు పోసికొనుచున్నా రనుకొందము. స్థిరకటకముతో సెకనులో నూరవవంతు కాలమున చిత్రము పడుచోట, ఆ జూముతో సెకనులో పదవవంతు పట్టును. అంతలో చేతులు కదలును, బియ్యము గీతలై పోవును, ముఖములు చెదరిపోవును. సెన్సరు గ్రహణశక్తిని పెంచినచో చిత్రమంతట ఇసుక చల్లినట్లుండును. మరునాడు ఆ వధూవరులను పిలిచి తలంబ్రాలు మరల పోయుడని కోరుటకు వీలున్నదా? చిత్రకారుని కూలి మాట అటుండనిండు. ఆ యింటివారికి జీవితకాలము నిలుచు గుర్తు పోయినట్లే.

అట్లని స్థిరకటకమే సర్వోత్తమమనుటయు తగదు. ద్వారము విశాలముగా తెరచినపుడు స్పష్టత కొలది లోతు వరకే యుండును. వధువు కన్నులు స్పష్టముగా నుండగా, ఒక అడుగు వెనుకనున్న వరుని ముఖము మసకబారవచ్చును. అంతకంటె పెద్ద ఇబ్బంది చోటు. చిన్న సెన్సరుగల కెమెరాలో ఫలకము వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. దానికి 50 మిల్లీమీటర్ల కటకమును బిగించి మూడు మీటర్ల దూరమున నిలిచినచో, అడ్డముగా 1.4 మీటర్లు మాత్రమే కనబడును. ఇద్దరు పట్టుటయే కష్టము! 18 మిల్లీమీటర్ల కడ జూమునుంచినచో దాదాపు 3.9 మీటర్లు కనబడును. బంధువుల వరుస యంతయు పట్టును. మండపముపై బంధువులు క్రిక్కిరిసి యున్నపుడు వెనుకకు నడుచుటకు అడుగైనను దొరకదు.

ఇచ్చట ఒక అపోహను తొలగించుట మంచిది. జూము త్రిప్పుటయు, దగ్గరకు నడుచుటయు ఒక్కటే యని పలువురు తలంతురు. అది సరికాదు. దిల్‌సుఖ్‌నగరు రహదారిలో మెట్రోరైలు స్తంభముల వరుస ముందు ఒక మిత్రుని నిలిపి, సమీపమునుండి 18 మిల్లీమీటర్లతో చిత్రము తీసినచో స్తంభములు చిన్నవై, దూరముగా తొలగినట్లుండును. వెనుకకు పోయి, మిత్రుడు అంతే పరిమాణమున నుండునట్లు 55 మిల్లీమీటర్లతో తీసినచో, అవే స్తంభములు పెద్దవై అతని వెన్నంటి యున్నట్లు కనబడును. ఈ భేదము కటకమువలన గాక, నిలిచిన చోటువలన కలిగినది. ఒకే చోట నిలిచి 18తో తీసిన చిత్రము నడిమి భాగమును కత్తిరించి పెద్దది చేసినచో, 55తో తీసిన చిత్రమువలెనే యుండును. స్థిరకటకము చేతనున్నవానికి నడక తప్పదు గనుక, చోటు మారిన దృశ్యమెట్లు మారునో అతడు త్వరగా గ్రహించును. ఫ్రాన్సు దేశీయుడగు హెన్రీ కార్టియే బ్రెసాన్ ప్రధానముగా 50 మిల్లీమీటర్ల కటకముతోనే లోకము తిరిగెను. 1948 జనవరిలో గాంధీ మహాత్ముని హత్యకు కొలది సేపటికి ముందు ఆయనను దర్శించి, పిమ్మట అంత్యయాత్రను చిత్రించినవాడు ఇతడే.

రెండు గుణములును ఒక్కచోట కావలెనన్న, ఎఫ్ సంఖ్య అంతటను 2.8గా నిలుచు జూములు గలవు. వానిలో పెక్కు బరువైనవి. వెల సామాన్యుని కందదు. 50 మిల్లీమీటర్ల సాధారణ స్థిరకటకము తరచు రెండు వందల గ్రాములు మించదు. కటకములన్నిటిలో చవుకైనవానిలో అది యొకటి. కూడబెట్టిన కొద్ది ధనముతో పెండ్లి చిత్రముల వృత్తిలో దిగనున్న యువకుడు, ఉన్న 18-55 జూమును అమ్ముకొనక గుంపుల కొరకు ఉంచుకొని, రాత్రి ముహూర్తముల కొరకు ఒక స్థిరకటకమును చేర్చుకొనుట మేలు. ఇరుకు గదులలో తిరుగువానికి 50 కంటె 35 మిల్లీమీటర్లు నయము.

సెల్‌ఫోను గలవారు తమకు జూము కలదని సంతసింతురు. పెక్కు ఫోనులలో నున్నవి రెండు మూడు చిన్న స్థిరకటకములే. తెరపై వ్రేళ్లను విప్పునపుడు చాలవరకు జరుగునది చిత్రమును కత్తిరించి సాగదీయుట మాత్రమే.

ఏ నాభ్యంతరము తనకు తగునో తెలియని వానికి కెమెరాయే లెక్క చెప్పును. డిజిటల్ కెమెరా సామాన్యముగా ప్రతి చిత్రముతోపాటు అది ఏ నాభ్యంతరమున తీయబడెనో వ్రాసి యుంచును. జూముతో తీసిన ఏ మూడు నాలుగు వందల చిత్రములనో తెరచి, ఆ సంఖ్యలను ఒక కాగితముపై గీతలు గీచి లెక్కింపవలెను. గీతలు 35 పరిసరముల గుమిగూడినచో ఆ స్థిరకటకమును కొనవచ్చును. 55 కడ గుమిగూడినచో అతని చూపు ఇంకను దూరము పోగోరుచున్నదని అర్థము. 18 మొదలు 55 వరకు సమముగా చెదరియున్నచో, ధనము దాచుకొని జూముతోనే కొంతకాలము గడుపవచ్చును.