బెంచీ మీద అరటిపండు

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, "ప్రాజెక్ట్ అయిపోయిందమ్మా. ప్రస్తుతానికి బెంచ్ మీదున్నా" అన్నాను. అటువైపు రెండు సెకన్లు సైలెన్స్. తర్వాత చాలా సీరియస్‌గా, "ఏం తప్పు చేశావురా, బెంచీ ఎక్కించారు?" అంది.

నవ్వొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ పూట నాకూ అలాగే అనిపించింది.

ఐటీ వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: జీతం వస్తుంది, పని ఉండదు, ఏ క్లయింట్‌కీ మన పేరు మీద బిల్లు వెళ్లదు. అదే బెంచ్. ఇది క్లాస్‌రూమ్ బెంచీ కాదు, గ్రౌండ్ పక్కన వేసే బెంచీ. టీమ్‌లో పేరుంటుంది, ఆటలో చోటుండదు.

ఎవరికెంత విలువో చెప్పాలంటే మనకి ఆటల మాటలే దొరుకుతాయి, గమనించారా? లోక్‌సభకి ముందొచ్చే అసెంబ్లీ ఎన్నికలు 'సెమీఫైనల్'. మూడోసారి గెలిస్తే 'హ్యాట్రిక్'. 1858లో షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరస మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, జనం చందాలేసి అతనికో టోపీ కొనిచ్చారు. ఆ టోపీయే ఇప్పుడు మన ఎమ్మెల్యేల ఫ్లెక్సీల మీదికొచ్చింది. ఇక రోజూ పొద్దున్నే మేం హాజరయ్యే 'స్క్రమ్' రగ్బీ మాట. మా ఫ్లోర్‌లో రగ్బీ బంతి ముట్టుకున్నవాడు ఒక్కడూ లేడు, అది వేరే సంగతి.

బెంచ్ రోజులు మాత్రం సరదాగా గడవలేదు. కార్డు స్వైప్ చేయడం, ట్రైనింగ్ వీడియోలు చూడటం, మళ్లీ స్వైప్ చేసి రూమ్‌కి రావడం. ప్రతి శుక్రవారం ఒక మెయిల్: మీరు బెంచ్‌కొచ్చి ఇన్ని రోజులు. ఆ అంకె పెరిగేకొద్దీ నిద్ర తగ్గింది. అక్క పెళ్లిలో ఎవరైనా "ఏ ప్రాజెక్ట్ బాబూ?" అంటే ప్లేటు పట్టుకుని పక్కకి జారుకునేవాణ్ణి.

డెబ్బయ్యో రోజున ఒక ప్రాజెక్ట్‌లోకి తీసుకున్నారు, షాడోగా. అంటే టీమ్‌తోనే కూర్చోవాలి, పని నేర్చుకోవాలి, కానీ నాకు బిల్లింగ్ ఉండదు. అమ్మకి ఇదంతా వివరించి చెప్తే ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆటలో అరటిపండువన్నమాట."

కరెక్ట్! న్యూస్‌లో ఈ మాటని ఎవరూ లెక్కచేయని నాయకుడి మీద తిట్టులా వాడతారు. కానీ వీధిలో దొంగాట ఆడిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఏడుస్తుంటే జాలిపడి చేర్చుకున్న నాలుగేళ్ల బుడ్డోడు అరటిపండు. దొరికినా వాడు దొంగ కాడు. అయితే అందరితో పాటే పరిగెడతాడు, అందరితో పాటే దాక్కుంటాడు. ఏ గోడ వెనక ఎవరుంటారో మొత్తం చూసేస్తాడు. రెండేళ్లయ్యాక వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. బెంచీ మీదున్నవాడికి ఆ ఛాన్స్ లేదు.

క్రికెట్‌లో పన్నెండో ఆటగాడు ఏళ్ల తరబడి ఫీల్డింగ్ చేశాడు, డ్రింక్స్ మోశాడు. బ్యాట్ మాత్రం పట్టనివ్వలేదు. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో ఆర్చర్ బంతి మెడకి తగిలి స్మిత్ తప్పుకుంటే, కొత్త కన్‌కషన్ రూల్ కింద మార్నస్ లబుషేన్ బ్యాటింగ్‌కి దిగాడు. టెస్టుల్లో అలా దిగిన మొదటివాడతనే. 59 కొట్టాడు, టీమ్‌లో పాతుకుపోయాడు. 2023 నుంచి ఐపీఎల్‌లో అలాంటివాడికి 'ఇంపాక్ట్ ప్లేయర్' అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు మా బ్యాచ్‌లో, పెళ్లికి లేటుగా వచ్చి వడ్డనకి దిగినవాణ్ణి కూడా ఇంపాక్ట్ ప్లేయరనే అంటున్నాం.

షాడోగా ఉన్న మూడు నెలలూ నేను అడగని పిచ్చి ప్రశ్న లేదు. ఒకసారి బిల్డ్ కూడా పగలగొట్టాను, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నాలుగో నెలలో బిల్లు మీద నా పేరు పడింది.

పోయిన వారం మా టీమ్‌లోకి ఒకబ్బాయి షాడోగా వచ్చాడు. స్క్రమ్‌లో తన వంతు రాగానే "నాదేం లేదండీ" అని మ్యూట్ పెట్టేశాడు. కాల్ అయ్యాక పింగ్ చేశాను: "చిన్నప్పుడు మీ వీధిలో అరటిపండు ఎవరు?"

"నేనే అన్నా" అని రిప్లై వచ్చింది.